ఎండ తగలకూడని మీటర్లు

ఆ జూన్ మొదటివారానికి చెక్కా సత్యలింగం చేతిలో ఉన్నవి ఇవి. పన్నెండడుగుల వెడల్పు కొట్టు, అందులో గోడల నిండా ప్రయోగశాలల గాజు సామాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా జిల్లాలో ఏ హైస్కూలూ సరుకు తిప్పి పంపలేదన్న పేరు. అట్టపెట్టెల్లో మూడు వందల పదిహేడు యూవీ మీటర్లు. మెడ వెనక పొలుసులుగా ఊడుతున్న చర్మం.

చర్మానికీ మీటర్లకీ సంబంధముంది. పైవాళ్ళెవరో ఏదో సదస్సుకు వెళ్ళి, ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలుంటాయనీ, అవి ఒంటికీ కంటికీ చేటు చేస్తాయనీ తెలుసుకుని వచ్చారు. తెలుసుకున్నదాన్ని ఒక్కరోజైనా తమ దగ్గర ఉంచుకునే అలవాటు వాళ్ళకు లేదు. నెల తిరక్కుండా 'సూర్యనేత్రం' అనే పథకం దిగింది. ప్రతి సర్కారు హైస్కూలుకీ ఒక యూవీ మీటరు, జిల్లా కార్యాలయానికి ఇంకొకటి. పిల్లలు దాన్ని పట్టుకుని ఎండ ఎంత పడుతోందో, గొడుగు ఎంత ఆపుతుందో, గాజు ఎంత ఆపుతుందో కొలిచి సైన్సు నేర్చుకోవాలి. సరఫరా సత్యలింగానికి దక్కింది.

మీటరు సబ్బుపెట్టె అంత ఉంటుంది. నెత్తిన చొక్కా గుండీ లాంటి తెల్లని కన్ను, కింద అంకె కనబడే చిన్న కిటికీ. సత్యలింగం సరుకు చూడకుండా అమ్మే మనిషి కాదు. వాళ్ళ నాన్న కిరాణాకొట్టుకి తూనికల శాఖ ఇనస్పెక్టరు ఏడాదికోసారి తన రాయి తెచ్చి, కొట్టు రాయి పక్కన పెట్టి సరిచూసి ముద్ర వేసి వెళ్ళేవాడు. ఆ లెక్కనే సత్యలింగం కాలేజీవాళ్ళ దగ్గర పరీక్ష చేయించిన మంచి మీటరొకటి ఐదు రోజులకు అడిగి తెచ్చుకుని, మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి, దాని పక్కన పదేసి చొప్పున తన మీటర్లు పేర్చాడు. కాలేజీ మీటరు పది చూపినప్పుడు తనది తొమ్మిదీ పాయింటు ఆరు చూపితే, 'వచ్చిన అంకెను 1.04తో హెచ్చవేయాలి' అని చీటీ రాసి దాని వీపున అంటించాడు. అన్నిటికీ అలాగే, దేని చీటీ దానికే. గొడుగైనా వేసుకోకపోయారా అని మెడకు వెన్న రాస్తూ భార్య కోప్పడింది. గొడుగు నీడ మీటరు మీద పడితే అంకె మారిపోతుందని ఆయన చెప్పాడు. మీ మెడ మారిపోయినా ఫరవాలేదన్నమాట అని ఆవిడ అంది.

సరుకంతా వ్యానులో వేసుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడ జిల్లా విజ్ఞాన సమన్వయాధికారి కృపానందం. ఆయన మీటరును చూడకముందే దాని అట్టపెట్టెను చదివాడు. అచ్చయినదాన్ని నమ్మడం ఆయనకు ఉద్యోగధర్మం. పెట్టె పక్కన సన్నని అక్షరాల్లో, చల్లని పొడి ప్రదేశంలో ఉంచవలెను, నేరుగా ఎండ తగలనీయరాదు అని ఉంది. కృపానందం ఎర్ర సిరాతో దాని కింద గీత గీశాడు.

సత్యలింగం నవ్వబోయి ఆగాడు. అది గిడ్డంగిలో దాచుకునేటప్పటి మాటనీ, పెట్టెలు అచ్చువేసేవాడు బిస్కెట్ల డబ్బా మీదా అదే వేస్తాడనీ, ఈ మీటరు పుట్టిందే ఎండలో పెట్టడానికనీ నెమ్మదిగా విన్నవించాడు.

కృపానందం ఓపిగ్గా విన్నాడు. "చూడండి శెట్టిగారూ, తయారీదారుడు ఎండ తగలనీయవద్దని రాతపూర్వకంగా చెప్పాడు. మీరు తగలనీయమని నోటితో చెబుతున్నారు. వీటిలో నేను దేన్ని ఫైల్లో పెట్టుకోను?"

తర్వాత ఆయన చూపు వీపున ఉన్న చీటీల మీద పడింది. ఒకదాని మీద 1.04, ఇంకొకదాని మీద 0.97. కొత్త సరుకుకు అప్పుడే సవరణలేమిటని అడిగాడు. ప్రభుత్వం అన్నిటికీ ఒకే ధర ఇచ్చినప్పుడు, ఒక్కొక్కటి ఒక్కొక్క అంకెతో హెచ్చవేయించుకోవడం ఏకరూపతకు భంగమని తేల్చాడు. సూపరింటెండెంటు గవర్రాజు, అంటే ఆ కార్యాలయంలో బీరువా తాళాలు మొలకు కట్టుకుని తిరిగే మనిషి, ఇద్దరు గుమాస్తాల్ని కూర్చోబెట్టి రెండు రోజులు బ్లేళ్ళతో చీటీలు గీకించాడు. గీకే పని సగంలో ఉండగా కొత్తలంక హైస్కూలు సైన్సు టీచరు రత్నమణి ఏదో పనిమీద వచ్చి, తమ బడి మీటరు ముందే పట్టుకుపోయింది. దాని చీటీ దానికి ఉండిపోయింది. అది రెండు వందల పద్నాలుగో నంబరు.

పై వరసలో మొదట చేతికి తగిలిన మీటరు 'జిల్లా ప్రామాణిక పరికరం' అయింది. దానికి మఖమలు గుడ్డ కొన్నారు. బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ సాయంత్రమే సర్క్యులరు బయల్దేరింది.

అందులో అంశాలు మూడు. ఒకటి, ప్రతి బడి పరికరమూ జిల్లా ప్రామాణిక పరికరంతో సరిచూడబడవలెను. అనుమతించదగిన తేడా శూన్యము. రెండు, పరికరముపై ఎట్టి పరిస్థితులలోనూ నేరుగా ఎండ పడరాదు. మూడు, ప్రతి దినము మధ్యాహ్నం పన్నెండు మొదలు ఒంటిగంట వరకు, విద్యార్థులందరి సమక్షంలో, పాఠశాల ఆవరణలో అతినీలలోహిత కిరణాలను కొలిచి నమోదు చేయవలెను. ఇది అత్యంత జరూరుగా భావించవలెను.

సరిచూసే శిబిరం జూన్ నెలాఖరున పెట్టారు. మిట్టమధ్యాహ్నం కార్యాలయం ముందు ఆవరణలో మూడు వందల మంది టీచర్లు బారులు తీరారు. రెండో అంశం అందరికీ కంఠతా వచ్చు గనక తువ్వాళ్ళు చుట్టిన పెట్టెల మీద గొడుగులు పట్టి, తాము ఎండలో నిలబడ్డారు. ఇద్దరికి కళ్ళు తిరిగాయి. వాళ్ళ చేతుల్లోని పెట్టెలు కింద పడకుండా పక్కవాళ్ళు జాగ్రత్తగా అందుకున్నారు.

లోపల ఏసీ గదిలో తెరలు దించి ఉన్నాయి. బల్ల మీద మఖమలు, మఖమలు మీద ప్రామాణిక పరికరం, దాని కిటికీలో సున్నా. కిరణాలు లేని గదిలో మంచి మీటరు చూపవలసింది సున్నాయే. బడి మీటరు తెచ్చి పక్కన పెడితే దానిలోనూ సున్నా. తేడా శూన్యమని రాసి గవర్రాజు ముద్ర వేసేవాడు. సాయంత్రానికి అన్నీ నెగ్గాయి. దేశంలోనే ఇంతటి ఏకీభావం అరుదని కృపానందం టీ తాగుతూ అన్నాడు.

సత్యలింగం ఓ మూల నిలబడి చూస్తున్నాడు. తూనికల ఇనస్పెక్టరు రాయి తేకుండా వచ్చి, రెండు పళ్ళేలూ ఖాళీగా ఉంచి, ముల్లు నిటారుగా నిలిచింది గనక తక్కెడ బాగుందని ముద్ర వేసిపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉందని గవర్రాజు చెవిలో గొణిగాడు.

"పళ్ళెంలో ఏదన్నా వేస్తేనే కదండీ గొడవలొచ్చేది," అన్నాడు గవర్రాజు ముద్ర మీద ఊదుతూ.

జులై నెల నివేదికలు ఆగస్టులో వచ్చాయి. మూడు వందల పదిహేను బళ్ళు, హెడ్మాస్టరు గది బీరువా తలుపు ఓరగా తెరిచి, లోపలి మీటరులో సున్నా చూసి, పిల్లల్ని గుమ్మం దగ్గర నిలబెట్టి సంతకాలు చేయించి, నెలంతా సున్నాలు రాశాయి. కొత్తలంక ఒక్కటీ పదకొండు రాసింది.

రత్నమణి సర్క్యులరులో మూడో అంశాన్ని నమ్మింది. ఆవరణలో కొలవమన్నారు గనక పిల్లల్ని తీసుకుని ఆవరణలోకి వెళ్ళింది. కొత్తలంక బళ్ళో మధ్యాహ్న భోజనాల రేకుల షెడ్డు రెండేళ్ళ కిందట గాలివానకు ఎగిరిపోయింది. అప్పటినుంచి నూట నలభై రెండు మంది పిల్లలు ఎండలోనే కూర్చుని తింటున్నారు. షెడ్డు వేయించమని ఆమె అప్పటికి ఆరు అర్జీలు పెట్టింది. ఏడో అర్జీకి ఈసారి మీటరు లెక్క జతచేసింది: పిల్లలు కూర్చునేచోట, పన్నెండుంబావుకి, చీటీ ప్రకారం హెచ్చవేస్తే పదకొండు, ఈ అంకె దగ్గర ఆరుబయట కూర్చోకూడదని పథకం పుస్తకంలోనే ఉంది.

కార్యాలయంలో ఆ పదకొండు చాలా అలజడి చేసింది. అర్జీ సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్క బడి మూలంగా జిల్లా సగటు సున్నా నుంచి సున్నా పాయింటు సున్నా మూడుకు జారిపోయిందని కృపానందం బాధపడ్డాడు. రెండు వందల పద్నాలుగో నంబరును ఏసీ గదికి రప్పించి విచారణ జరిపాడు. మఖమలు మీద పెడితే సున్నా చూపింది. ఒక్కసారి బయటికి తీసుకెళ్ళి చూడండి సార్ అని రత్నమణి అడిగితే, రెండో అంశాన్ని తన చేతులతో తానే ఎలా ఉల్లంఘించగలనని ఆయన అడిగాడు. విచారణ నివేదికలో ఇలా రాశాడు: 'సదరు పరికరము అధికారుల సమక్షములో సున్నాయు, విద్యార్థుల సమక్షములో పదకొండును చూపుచున్నందున, దాని నడవడి విశ్వసనీయముగా లేదు.'

మీటరు నడవడి బాగోలేకపోతే అమ్మినవాడిది పూచీ. సత్యలింగానికి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లోగా, అంకె తప్పు చదివానని టీచరు రాసివ్వాలి. లేదా సరుకు చెడ్డదని తేలినట్టు భావించి ఆయన పేరు బ్లాక్ లిస్టులో చేరుస్తారు. ఆ లిస్టుకెక్కినవాడు రాష్ట్రంలో ఏ సర్కారు బడికీ పరీక్షనాళికైనా అమ్మకూడదు. సత్యలింగం అమ్మే పది నాళికల్లో తొమ్మిది సర్కారు బళ్ళకే. పదోది పగిలిపోయేది.

గవర్రాజు సలహా చెప్పాడు. టీచరమ్మ చేత ఒక్క వాక్యం రాయించుకు వస్తే చాలన్నాడు. కొలుస్తూ ఉండగా ఎండకు కళ్ళు తిరిగి తప్పు చదివానని రాస్తే ఎవరికీ నొప్పి ఉండదన్నాడు.

"అక్కడ ఎండే లేదంటున్నారుగా," అన్నాడు సత్యలింగం.

గవర్రాజు కాసేపు ఆలోచించి, అయితే కళ్ళు వాటంతటవే తిరిగాయని రాయించమన్నాడు.

ఆ వాక్యం టైపు చేయించి జేబులో పెట్టుకుని, టీచరుకి ఇవ్వడానికి డజను బీకర్లు సంచిలో వేసుకుని సత్యలింగం కొత్తలంక బస్సెక్కాడు. బడికి చేరేసరికి భోజనాల వేళ. ప్రహరీగోడ మొదట్లో జానెడు నీడ ఉంది. ఆ జానెడులో ఆరో తరగతివాళ్ళు గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. మిగిలినవాళ్ళు ఆరుబయట, ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో నెత్తిమీద లెక్కల పుస్తకం పట్టుకుని తింటున్నారు. అన్నం కలుపుకోవడానికి మూడో చెయ్యి లేక పుస్తకాలు జారుతున్నాయి.

మీటర్లు అమ్మిన ఆయన వచ్చారని రత్నమణి చెప్పగానే పిల్లలు చుట్టూ మూగారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, విచారణ అయి తిరిగొచ్చిన మీటరు తెచ్చి నేలమీద పెట్టి పదకొండు చూపించింది. కిటికీ గాజు వెనక ఎంతో, కొత్త గొడుగు కింద ఎంతో, చిల్లుల గొడుగు కింద ఎంతో గడగడా చెప్పింది. తర్వాత ఆయన చలువ కళ్ళద్దాలు అడిగి తీసుకుని మీటరు మీద అడ్డం పెట్టింది. అంకె ఏడు దగ్గర ఆగింది.

"ఇవి ఎంతకి కొన్నారు తాతగారూ?"

నూటయాభై అన్నాడు. తీర్థంలో యాభైకి అమ్మేవి కూడా ఏడే చూపిస్తున్నాయండీ అని ఆ పిల్ల జాలిగా తిరిగిచ్చింది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో సత్యలింగాన్ని అంత మర్యాదగా ఎవరూ మోసపోయావని చెప్పలేదు.

ఆయన కాగితం తీసి రత్నమణికి ఇచ్చి, నోటీసు సంగతంతా దాచకుండా చెప్పాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"రాసిస్తానండి. మీ కొట్టు మూయించి నేను బావుకునేదేముంది?" అంది. "కానీ ఇందులో నా కళ్ళు తిరిగాయని ఉంది. ఈ నూట నలభై రెండు మందీ చదివారు. వీళ్ళందరి కళ్ళూ తిరిగాయని కూడా నన్నే రాయమంటారా, మీరు రాసుకుంటారా?"

పెన్ను కోసం ఆమె చెయ్యి చాచింది. అది రాసిస్తే ఏడో అర్జీ కూడా చచ్చిపోతుందని ఆమె అనలేదు, ఇద్దరికీ తెలుసు. సత్యలింగం జేబులో పెన్ను ఉండి కూడా తీయలేదు. చెడ్డ సరుకును మంచిదని అమ్మేవాళ్ళని ఆయన చాలామందిని చూశాడు. మంచి సరుకును అమ్మి, అది చెప్పిన నిజాన్ని కొన్నవాళ్ళ చేతే అబద్ధమని రాయించుకోవడం కొత్త వ్యాపారం, తనకి చేతకానిది. బీకర్లు ఇచ్చి, కాగితం వెనక్కి తీసుకుని బస్సెక్కాడు.

తిరుగుదారిలో సర్క్యులరు తీసి చదివాడు. బేరంలో ఎదుటివాడు ఏది వదలడో ముందు చూసుకోవాలి, తర్వాత ఏది ఇవ్వగలడో చూడాలి. కృపానందం రెండో అంశాన్ని వదలడు. దాన్ని వదలకుండా ఆయన ఏమివ్వగలడు? బస్సు టౌను చేరేలోగా సత్యలింగానికి బేరం కుదిరింది.

మర్నాడు కార్యాలయంలో ఆయన వినయంగా నిలబడ్డాడు. టీచరు కన్ను తప్పు కాదన్నాడు. మీటరూ తప్పు కాదన్నాడు. "తమరు మొదటిరోజే ఎర్ర సిరాతో గీత గీశారు. నేను అర్థం చేసుకోలేకపోయాను. తమ ఆదేశానికి విరుద్ధంగా కొత్తలంకలో పరికరం మీద నేరుగా ఎండ పడింది సార్. ఉల్లంఘన జరిగింది ఎండ వైపు నుంచి."

తన మాటకు ఇంత విలువ అదివరకెవరూ ఇచ్చి ఉండకపోవడం వల్ల కృపానందం కొంచెం చలించాడు. ఎండకు నోటీసు ఇచ్చే అధికారం ఎవరిదని గవర్రాజును అడిగాడు. ఎండ మన శాఖ పరిధిలోకి రాదండి అని గవర్రాజు విచారంగా చెప్పాడు. అటువంటప్పుడు, సూర్యుణ్ణి నియంత్రించలేము గనక పరికరానికి నీడ కల్పించడం ఒక్కటే మార్గమని సత్యలింగం మెల్లగా అందించాడు. పరికరాల సంరక్షణ నిధి సెప్టెంబరు నెలాఖరులోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుందని గవర్రాజుకు అప్పుడే గుర్తొచ్చింది.

సబ్బుపెట్టెకు రెండడుగుల నీడ చాలుగా అన్నాడు కృపానందం. సూర్యుడు ఒకచోట నిలబడడనీ, పొద్దున తూర్పు నుంచీ సాయంత్రం పడమటి నుంచీ ఏటవాలుగా చొరబడతాడనీ, పరికరానికి ఏ వైపునుంచీ ముప్పు లేకుండా ఉండాలంటే నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు తప్పదనీ సత్యలింగం వివరించాడు. బడుల్లో భోజనాల షెడ్లు ఆ కొలతకే వేస్తారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైలు పదకొండు రోజుల్లో నాలుగు సంతకాలు దాటింది. ప్రామాణిక పరికరమున్న బీరువా కింది అరలో ఏడో అర్జీ మీద 'పరిశీలనలో ఉన్నది' అని రాసి ఉంది.

సెప్టెంబరు ఆఖరివారంలో రేకులు పడ్డాయి. స్తంభానికి బోర్డు: 'పరికర సంరక్షణ ఛాయామండపము. విద్యార్థులు లోనికి రారాదు.' ప్రారంభానికి కృపానందం, గవర్రాజు, సత్యలింగం జీపులో వచ్చేసరికి పన్నెండు దాటింది. మండపం నడుమ స్టూలు, స్టూలు మీద మీటరు. దాని చుట్టూ బారులు బారులుగా నూట నలభై రెండు మంది పిల్లలు పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి నెత్తిమీదా పుస్తకం లేదు.

కృపానందం బోర్డు వైపు చూపించాడు. రత్నమణి సర్క్యులరు తీసి మూడో అంశం చదివింది. పన్నెండు మొదలు ఒంటిగంట వరకు, విద్యార్థులందరి సమక్షంలో. పరికరం ఇక్కడుంది గనక సమక్షం కూడా ఇక్కడే ఉండాలి గదండీ అంది. మరి ఈ సాంబారేమిటని ఆయన అడిగాడు.

"సమక్షంలో ఉన్నంతసేపు తినకూడదని ఇందులో లేదండి."

ఆయన గవర్రాజు వైపు చూశాడు. గవర్రాజు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి, లేదండి అన్నాడు. రాతలో లేనిదాన్ని నిషేధించడం కృపానందం వల్ల అయ్యే పని కాదు. ఇక అంకె చూద్దామని స్టూలు వైపు నడిచాడు.

చుట్టూ గోడల్లేని షెడ్డులోకి ఆకాశం నుంచి కొంత వెలుగు పక్కలనుంచి వస్తుంది. మీటరులో రెండు ఉంది. అది సత్యలింగం ముందే చూశాడు. అధికారి నాలుగడుగుల దూరంలో ఉండగా మీటరును తన చేతులతో తీసి, దాని అట్టపెట్టెలో పెట్టి, పై అట్టమూత ఓరగా మూశాడు. ఎనిమిదో తరగతి పిల్ల ఆయన వంక అదోలా చూసింది.

"సార్ వెళ్ళేదాకానమ్మా," అన్నాడు తల తిప్పుకుని.

కృపానందం పెట్టె సందులోంచి తొంగి చూశాడు. సున్నా. జిల్లా సగటు మళ్ళీ సున్నాకు చేరిందని ప్రకటించి చప్పట్లు కొట్టాడు. పిల్లలు ఎడమ చేతులతో నేలను తట్టారు. సత్యలింగం మీద నోటీసు ఉపసంహరించుకుంటున్నట్టు అక్కడికక్కడే సంతకమైంది.

జీపు వెళ్ళగానే ఆ పిల్ల మీటరు బయటికి తీసి, రేకుల కింద రెండు, రేకుల బయట పదకొండు అని తన నోటుబుక్కులో రాసుకుంది. రిజిస్టరులో రత్నమణి సున్నా వేసింది. అలా వేయమని ఈసారి ఆమెను ఎవరూ అడగలేదు.

జీపులో చోటున్నా ఎక్కని సత్యలింగం బస్సులో కూర్చుని లెక్క తేల్చుకున్నాడు. పేరు బ్లాక్ లిస్టుకెక్కలేదు. నాళికల అమ్మకం నిలిచింది. తన మీటరు నిజం చెప్పిందని ఎవరూ రాసివ్వలేదు. చెప్పలేదని కూడా ఎవరూ రాసివ్వలేదు. మంచి సరుకును తన చేతుల్తో తానే పెట్టెలో మూయడం ఒకసారి. ఎనిమిది వందల చదరపుటడుగుల నీడ, దాని కింద నూట నలభై రెండు మంది. మిగతా మూడు వందల పదిహేను బళ్ళకు షెడ్లు మంజూరు కాలేదు. వాళ్ళ రిపోర్టుల్లో ఎండ లేదు.